అపారెల్ ప్రొడక్షన్ చదవబోతున్నారా? ముందు మిషన్ మీద కూర్చోండి

ఈ కోర్సులో సీటు వచ్చిందని చెప్పగానే చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న "అంటే ఫ్యాషన్ డిజైనింగా?" అని. కాదు, కాదు అని చెప్పీ చెప్పీ విసిగిపోయి నేను రెండో ఏడాది నుంచి "అవునండీ" అనేయడం మొదలుపెట్టాను. మీరూ అనేయవచ్చు, పెళ్లిళ్లలో టైమ్ కలిసొస్తుంది. మీకు మీరు మాత్రం అలా చెప్పుకోకండి. కాగితం మీద ఉన్న ఒక చొక్కా ఇరవై వేల చొక్కాలై, అన్నీ ఒకే కొలతలో, ఒకే రంగులో, ఒప్పుకున్న ధరకి, ఒప్పుకున్న తేదీకి కార్టన్లలోకి ఎలా ఎక్కాలో నేర్పే చదువు ఇది. ఇందులో బొమ్మలు గీసే పని తక్కువ, లెక్కలు వేసే పని ఎక్కువ.

నేను మారేడ్‌పల్లిలో పెరిగాను. అమ్మ ముందు గదిలో చీరలకు ఫాల్, పీకో వేసేది. ఇప్పుడు నగర శివార్లలో ఒక ఎగుమతి ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ మర్చండైజర్‌గా చేస్తున్నాను. బయ్యర్‌కీ, అంటే ఆర్డరిచ్చే కంపెనీకీ, ఫ్యాక్టరీకీ మధ్య ధర, తేదీ చూసుకునే పని అది. అంతకుముందు ఐఈలో, అంటే ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ విభాగంలో, స్టాప్‌వాచ్ పట్టుకుని లైన్ల మధ్య తిరిగాను. ఏటా ఇంటర్న్‌షిప్‌కి వచ్చే పిల్లలకు నేను చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ముందు కుట్టు, తర్వాత లెక్క, ఆ తర్వాతే మర్చండైజింగ్. ఏసీ గది, ఈమెయిళ్లు, బయ్యర్‌తో మీటింగులు చూసి చాలామంది నేరుగా మూడోదాంట్లో దిగాలనుకుంటారు. కుట్టు తెలియని మర్చండైజర్ బయ్యర్‌కి ఇచ్చే మాట ఫ్లోర్ మీద, అంటే కుట్టు లైన్లు నడిచే హాల్లో, నిలబడదు. ఆ తిట్లు తినేది ఆమె కాదు, లైన్ సూపర్‌వైజర్.

హైదరాబాద్‌లో ఎక్కడ చదవాలి

మాదాపూర్‌లో హైటెక్ సిటీ దగ్గర నిఫ్ట్, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ, ఉంది. కేంద్ర జౌళి శాఖ కింద 1986లో ఢిల్లీలో మొదలైన సంస్థ ఇది, హైదరాబాద్ క్యాంపస్ 1995లో వచ్చింది. ఇక్కడ అపారెల్ ప్రొడక్షన్‌లో నాలుగేళ్ల బ్యాచిలర్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ చదవవచ్చు. ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండాలి. డిజైన్ కోర్సులకు పెట్టే క్రియేటివ్ ఎబిలిటీ టెస్ట్ దీనికి లేదు, జనరల్ ఎబిలిటీ టెస్ట్ ఒక్కటే. బొమ్మలు గీయడం రాదని భయపడే ఎంపీసీ పిల్లలు ఈ ఒక్క సంగతి తెలియక అసలు అప్లికేషనే పెట్టరు. రూల్స్ మారుతుంటాయి కాబట్టి అన్నయ్య చెప్పాడనో అక్క చెప్పిందనో నమ్మకుండా ఆ ఏడాది ప్రాస్పెక్టస్ చదవండి.

ఉస్మానియా క్యాంపస్‌లోని కాలేజ్ ఆఫ్ టెక్నాలజీలో టెక్స్‌టైల్ టెక్నాలజీ బీటెక్ ఉంది. ఎప్‌సెట్ ర్యాంకుతో సీటు వస్తుంది. నూలు, నేత, అద్దకం మీద గట్టి పట్టు వస్తుంది. కుట్టు సంగతి మీరే విడిగా నేర్చుకోవాలి. సైఫాబాద్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద నడిచే కమ్యూనిటీ సైన్స్ కాలేజీలో అపారెల్ అండ్ టెక్స్‌టైల్స్ విభాగం ఉంది. పాతవాళ్లకు అది హోమ్ సైన్స్ కాలేజీ అంటేనే తెలుస్తుంది. టీచింగ్, రీసెర్చ్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు అది మంచి దారి. డిగ్రీ వద్దు, త్వరగా పని కావాలి అనుకుంటే అపారెల్ ట్రైనింగ్ అండ్ డిజైన్ సెంటర్‌లో స్వల్పకాలిక కోర్సులు ఉంటాయి. ఫ్లోర్‌లో అక్కడి నుంచి వచ్చినవాళ్లను ఎవరూ చిన్నచూపు చూడరు. వాళ్లకు మిషన్ మాట వింటుంది మరి.

ప్రైవేట్ కాలేజీల పేర్లు నేను చెప్పను, ఎలా చూడాలో చెబుతాను. అడ్మిషన్ల ఆఫీసులో కూర్చోబెట్టి బ్రోచర్ ఇస్తారు. మెషిన్ ల్యాబ్ చూపించమని అడగండి. సూదుల్లో దారం ఎక్కి ఉందా? మిషన్ల కింద గుడ్డముక్కలు, దారం తుక్కు ఉన్నాయా? అద్దంలా మెరిసే ల్యాబ్‌లో ఎవరూ కుట్టడం లేదని అర్థం. సింగిల్ నీడిల్ మిషన్లతో పాటు అంచు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్, టీషర్ట్ అంచులు మడిచి కుట్టే ఫ్లాట్‌లాక్ కూడా ఉన్నాయేమో చూడండి. పొడవాటి కటింగ్ టేబుల్, జీఎస్‌ఎం (చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములో) చూడటానికి ముక్క కోసే కట్టర్, ఒక చిన్న డిజిటల్ తూకం కూడా కనిపించాలి. ర్యాంప్ వాక్ ఫొటోలు గోడ నిండా ఉండి ఇవేవీ లేకపోతే మర్యాదగా బ్రోచర్ తిరిగిచ్చి వచ్చేయండి.

మొదటి ఏడాది: కుట్టు

ఇండస్ట్రియల్ మిషన్ ఇంట్లో తొక్కే మిషన్ లాంటిది కాదు. పెడల్ మీద కాలు కాస్త బరువుగా పడితే గుడ్డ చేతిలోంచి జారిపోతుంది. దారం లేకుండా, కాగితం మీద గీతలు గీసుకుని వాటి వెంట సూది నడిపించడంతో మొదలుపెట్టండి. నిలువు గీత కుదిరాక మూల తిప్పడం, అది కుదిరాక గుండ్రం. పిల్లలకు ఇది చాలా బోరు కొడుతుంది, మొదటి వారంలోనే డ్రెస్ కుట్టేయాలని ఉంటుంది. గుండ్రం కాగితం మీద రానివాళ్లకు నెక్ రిబ్ (టీషర్ట్ మెడ చుట్టూ వేసే పట్టీ) గుడ్డ మీద ఎన్నటికీ రాదు. ఇంకో మాట: చున్నీ, విడి జుట్టు మిషన్ దగ్గరకు తేవద్దు, నీడిల్ గార్డ్ ఎప్పుడూ తీయవద్దు.

అమ్మ నాకు నేర్పిన ఒక అలవాటు ఫ్యాక్టరీలో కూడా పనికొచ్చింది. కుట్టడం మొదలుపెట్టే ముందు పనికిరాని ముక్క మీద నాలుగు అంగుళాలు కుట్టి, ముక్క తిరగేసి కింది దారం చూసేది. టెన్షన్ సరిగా లేకపోతే కింద దారం ఉంగరాలుగా వస్తుంది. మా ఫ్యాక్టరీలో పొద్దున్నే ప్రతి ఆపరేటర్‌తో చేయించేది ఇదే, కాకపోతే ఆ ముక్క మీద తేదీ రాసి మిషన్‌కి తగిలిస్తాం.

కాస్త చెయ్యి తిరిగాక ఈ పని చేయండి. ఇంట్లో పాత ఫార్మల్ షర్ట్ ఒకటి తీసుకోండి. సీమ్ రిప్పర్‌తో కుట్లన్నీ విప్పండి. విప్పుతున్న ప్రతి కుట్టునూ నోట్‌బుక్‌లో రాయండి. చివరి నుంచి మొదటికి రాసిన ఆ జాబితాను తిరగేస్తే అదే ఆపరేషన్ బులెటిన్, అంటే పనుల వరుస పట్టిక. కాలర్ రన్ స్టిచ్, కాలర్ టర్నింగ్, టాప్ స్టిచ్, బ్యాండ్ అటాచ్, ఫ్రంట్ ప్లాకెట్, పాకెట్ హెమ్, పాకెట్ అటాచ్, యోక్, షోల్డర్, స్లీవ్ అటాచ్, సైడ్ సీమ్, కఫ్, బాటమ్ హెమ్ ఇలా సాగుతూ పోతుంది. ఒక చొక్కాలో ఇన్ని పనులున్నాయా అని మొదటిసారి అందరూ ఆశ్చర్యపోతారు. పక్కనే ఏ పని ఏ కుట్టుతో జరిగిందో నంబర్ రాయండి. మామూలు లాక్‌స్టిచ్ 301, చైన్ స్టిచ్ 401, మూడు దారాల ఓవర్‌లాక్ 504, టీషర్ట్ అంచున కనిపించే ఫ్లాట్‌లాక్ కుట్టు 406. ఈ నంబర్లు నోటికి రావాలి, ఎందుకంటే బయ్యర్ పంపే టెక్‌ప్యాక్‌లో, అంటే డ్రెస్ వివరాలన్నీ ఉన్న కాగితాల్లో, వీటితోనే రాస్తారు. కుట్టు మీద స్కేలు పెట్టి అంగుళానికి ఎన్ని కుట్లు పడ్డాయో కూడా లెక్కపెట్టండి.

జనరల్ బజార్‌లో ఒక మధ్యాహ్నం

గుడ్డ గురించి క్లాసులో చెప్పేదానికంటే సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో, చార్మినార్ వైపు పత్తర్‌గట్టి, మదీనా హోల్‌సేల్ దుకాణాల్లో ఎక్కువ తెలుస్తుంది. రద్దీ రోజుల్లో వెళ్లకండి, ఆ హడావుడిలో ఎవరూ మాట్లాడరు. మామూలు రోజు భోజనాల తర్వాత వెళ్లండి. "అన్నా, ప్రాజెక్టుకి కావాలి, పావు మీటర్ ఇస్తవా" అని ముందే చెప్పండి. కొందరు విసుక్కుంటారు, కొందరు కత్తిరించి ఉట్టిగానే ఇచ్చేస్తారు. ప్రతి ముక్కకీ పన్నా (గుడ్డ వెడల్పు), ధర, కొట్టువాడు చెప్పిన పేరు రాసుకుని స్వాచ్ ఫైల్‌లో అతికించండి. కొట్టువాడు చెప్పే పేరు, మీ టెక్స్‌ట్‌బుక్ పేరు చాలాసార్లు కలవవు. రెండూ రాసుకోండి, రేపు ఫ్యాబ్రిక్ సోర్సింగ్‌లో రెండూ కావాలి.

ఇంటికొచ్చాక అంచు నుంచి రెండు పోగులు లాగి, సింక్ దగ్గర నిలబడి కాల్చి చూడండి. కాటన్ కాగితంలా కాలి మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. పట్టు, ఉన్ని కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. రెండూ కలిసినట్టు అనిపిస్తే అది బ్లెండ్. ఎంత శాతమో మాత్రం ల్యాబే చెప్పాలి. బరువు తెలుసుకోవడానికి కాలేజీలోని జీఎస్‌ఎం కట్టర్ వాడండి. అది సరిగ్గా 100 చదరపు సెంటీమీటర్ల గుండ్రటి ముక్క కోస్తుంది. ఆ ముక్క 1.8 గ్రాములు తూగితే గుడ్డ 180 జీఎస్‌ఎం.

రంగు సంగతి మన ఆడవాళ్లకు పుస్తకం లేకుండానే తెలుసు. మ్యాచింగ్ సెంటర్‌లో బ్లౌజ్ పీస్ తీసుకున్నవాళ్లు చీర, ముక్క రెండూ పట్టుకుని షాపు బయటకు వచ్చి ఎండలో చూస్తారు. ట్యూబ్‌లైట్ కింద కలిసిన రంగు ఎండలో విడిపోతుంది కదా, దాన్నే మెటామెరిజం అంటారు. ఫ్యాక్టరీలో దీనికోసం లైట్ బాక్స్ ఉంటుంది. అందులో పగటి వెలుగుకి డీ65, షాపుల వెలుగుకి టీఎల్84 దీపాలు పెడతారు. బయ్యర్ ఏ దీపం కింద చూస్తాడో తెలుసుకోకుండా ల్యాబ్ డిప్ (రంగు ఓకే కోసం అద్ది పంపే చిన్న ముక్క) పంపితే రిజెక్ట్ అయి వస్తుంది, టైమ్ పోతుంది. మర్చండైజింగ్‌లో సగం తగాదాలు ఇక్కడే మొదలవుతాయి.

లెక్క దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం

ఒక మామూలు రౌండ్ నెక్ టీషర్ట్ తీసుకుని, దాన్నే చివరిదాకా తీసుకెళ్దాం. ఆర్డర్ 20,000 పీసులు, గుడ్డ 180 జీఎస్‌ఎం కాటన్.

మొదట గుడ్డ ఎంత కావాలి? ఒళ్లు పొడవు 72 సెంటీమీటర్లు, చెయ్యి పొడవు 22, కుట్లకు, మడతలకు 8. మొత్తం 102. ఛాతీ సగం కొలత 52, దానికి 3 కలిపితే 55. ముందు వెనకలకు రెండింతలు చేస్తే 110. ఈ రెండూ హెచ్చిస్తే 11,220 చదరపు సెంటీమీటర్లు, అంటే 1.122 చదరపు మీటర్లు. దాన్ని 180తో హెచ్చిస్తే 202 గ్రాములు. పది శాతం వేస్టేజ్ కలిపితే పీసుకి సుమారు 222 గ్రాములు. ఆర్డర్ మొత్తానికి 4,440 కిలోలు. కిలో 450 రూపాయలు అనుకుంటే, మార్కర్‌లో, అంటే గుడ్డ మీద ఏ ముక్క ఎక్కడ కోయాలో గీసే కాగితంలో, ముక్కలు కాస్త దగ్గరగా సర్ది ఒక్క శాతం గుడ్డ మిగిలిస్తే దాదాపు 20 వేల రూపాయలు మిగిలినట్టు. కటింగ్ మాస్టర్‌కి ఫ్యాక్టరీలో అంత గౌరవం ఎందుకో ఇప్పుడు తెలిసిందా? ఆయన్ని "మాస్టర్‌జీ" అని పిలవండి, ఎదురు కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చోకండి. మీకు మార్కర్ వేయడం నేర్పాలా వద్దా అన్నది ఆయన ఇష్టం.

తర్వాత టైమ్. ఒక పీసు కుట్టడానికి పట్టాల్సిన ప్రామాణిక నిమిషాలను సామ్ అంటారు. మన టీషర్ట్‌కి 8 నిమిషాలు అనుకుందాం. లైన్‌లో 20 మంది ఆపరేటర్లు, రోజుకి 480 నిమిషాలు, మొత్తం 9,600 నిమిషాలు. ఇందులో ఉత్పత్తిగా మారేది సగమే, అంటే ఎఫిషియెన్సీ 50 శాతం అనుకోండి. 4,800ని 8తో భాగిస్తే రోజుకి 600 పీసులు. ఆర్డర్‌కి 34 పని దినాలు. రెండు లైన్లు ఇస్తే 17. కొత్త స్టైల్ ఎక్కిన మొదటి రెండు మూడు రోజులు 600 కాదు కదా, అందులో సగం వచ్చినా సంతోషించాలి. చెయ్యి కుదిరేదాకా అంతే. అందుకే 17 అని వచ్చినచోట 20 రాసుకోవాలి.

ఆ 600 కూడా లైన్‌లో అందరి పనీ సమానంగా సాగితేనే వస్తుంది. లైన్‌లో అన్ని పనులూ అర నిమిషంలో అయిపోతున్నా, నెక్ రిబ్ అటాచ్ ఒక్కటి 0.9 నిమిషాలు పడితే, మిగతావాళ్లు గంటకి 120 ఇవ్వగలిగినా ఆ మిషన్ దగ్గర 66 మాత్రమే దాటుతాయి. బండిళ్లు, అంటే ముక్కల కట్టలు, అక్కడే గుట్టపడతాయి. ఆ తర్వాతి పనులవాళ్లు ఖాళీగా కూర్చుంటారు, సూపర్‌వైజర్ అరుస్తాడు. అరిస్తే పీసులు రావు, అక్కడ రెండో మిషన్ వేయాలి. ఫ్లోర్‌లోకి అడుగుపెట్టగానే గుట్ట ఎక్కడుందో చూడటం అలవాటు చేసుకోండి. లైన్ బ్యాలెన్సింగ్ అధ్యాయం మొత్తం ఆ గుట్టలోనే ఉంది.

టైమ్ స్టడీ చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. స్టాప్‌వాచ్ పట్టుకుని చెప్పాపెట్టకుండా ఎవరి వెనకాలా నిలబడకండి. మా దగ్గర ఒకామె ఇంటర్న్‌ని చూసి మిషన్ ఆపేసి, "ఏంది బిడ్డా, నా మీద గడియారం పెడుతున్నవా?" అంది. తప్పు ఆమెది కాదు. మీరు రాసుకునే అంకెతో రేపు ఆమె టార్గెట్ పెరుగుతుంది, ఆ సంగతి మీకంటే ఆమెకు బాగా తెలుసు. ముందు పక్కన నిలబడి పేరు అడగండి, పని ఎందుకు రాసుకుంటున్నారో చెప్పండి. కనిపించేచోట నిలబడండి. మొదటి నాలుగైదు పీసులు వదిలేసి తర్వాతవి లెక్కపెట్టండి. బండిల్ విప్పడం, దారం తెగడం, బాబిన్ మార్చడం విడిగా రాయండి. మధ్యాహ్నం టిఫిన్ వాళ్లతో కలిసి తినండి. స్లీవ్ ఎందుకు ముడత పడుతోందో మీ ప్రొఫెసర్ కంటే ఆమే తేలిగ్గా చెబుతుంది.

మర్చండైజింగ్: ధర, తేదీ

ఇప్పుడు మూడోది. అదే టీషర్ట్‌కి కాస్టింగ్ వేద్దాం, అంకెలు ఉదాహరణకే. గుడ్డ 100 రూపాయలు. దారం, లేబుళ్లు, పాలీబ్యాగ్, కార్టన్ కలిపి 18. ప్రింట్ 12. కుట్టు నిమిషానికి ఫ్యాక్టరీ ఖర్చు 6 రూపాయలనుకుంటే 8 నిమిషాలకు 48. మొత్తం 178. రిజెక్షన్లు, ఇతర ఖర్చులకు 5 శాతం కలిపితే దాదాపు 187. పది శాతం లాభం వేస్తే 205.60. డాలర్ 85 రూపాయలు అనుకుంటే 2.42 డాలర్లు.

బయ్యర్ నవ్వుతూ "టెన్ సెంట్స్ తగ్గించండి" అంటాడు. పది సెంట్లే కదా అనిపిస్తుంది. అది ఎనిమిదిన్నర రూపాయలు. మన లాభమే పీసుకి 18.70. దాదాపు సగం పోయింది, 20,000 పీసుల మీద లక్షా డెబ్భై వేలు. సామ్ తెలిసిన మర్చండైజర్ అయితే ఇక్కడ ఊరికే తల ఊపదు. "బ్యాక్ నెక్ టేప్ తీసేస్తే ఇంత తగ్గుతుంది, ప్రింట్‌లో ఒక రంగు తగ్గిస్తే ఇంత" అని అంకెతో మాట్లాడుతుంది. ముందు కుట్టు నేర్చుకోమని అంతగా పోరేది ఇందుకే.

తేదీల పట్టికను టీఎన్‌ఏ అంటారు, టైమ్ అండ్ యాక్షన్. ఎప్పుడూ చివరి నుంచి వెనక్కి రాయాలి. నవంబర్ 30న సరుకు గేటు దాటాలి. ఫినిషింగ్, ప్యాకింగ్, ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌కి వారం తీస్తే 23కి కుట్టు అయిపోవాలి. రెండు లైన్ల మీద 20 పని దినాలు వెనక్కి లెక్కపెడితే అక్టోబర్ ఆఖరుకి మొదలవ్వాలి. దానికి ముందు కటింగ్, అంతకుముందు బయ్యర్ పీపీ (ప్రీ ప్రొడక్షన్) శాంపిల్‌కి ఓకే చెప్పాలి, అంతకుముందు గుడ్డ గోడౌన్‌లో ఉండాలి. నిటింగ్, అద్దకానికి మూడు నాలుగు వారాలు. ల్యాబ్ డిప్ రెండుసార్లు తిరిగొస్తుందని ముందే అనుకోండి. ఇలా వెనక్కి నడిస్తే ఆగస్టు చివరికి ఆర్డర్ ఖాయం కాకపోతే నవంబర్ కుదరదని తేలుతుంది. ఇప్పుడు ఈ పట్టికలో బతుకమ్మ, దసరా, దీపావళి పెట్టండి. బిహార్ టైలర్లున్న లైన్ అయితే ఛఠ్ పండగ కూడా. ఛఠ్‌కి ఊరెళ్లినవాళ్లు ఎప్పుడొస్తారో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు, లైన్ ఇన్‌చార్జిని అడగాలి. కాలేజీ ప్రాజెక్టుల్లో నేను చూసిన టీఎన్‌ఏలలో ఆదివారాలు కూడా పని దినాలుగానే ఉంటాయి.

సరుకు గేటు దాటితే పని అయిపోయినట్టు కాదు. మన ఊరికి సముద్రం లేదు. కంటైనర్ సనత్‌నగర్ ఇన్‌లాండ్ కంటైనర్ డిపోకి వెళ్లి, కస్టమ్స్ అయ్యాక రైల్లో ముంబయి దగ్గరి నవా షేవా లాంటి ఓడరేవుకి చేరాలి. ఎఫ్‌ఓబీ ధర అన్నామంటే ఓడ ఎక్కేదాకా ఖర్చూ బాధ్యతా మనవే. ఆలస్యం మన వల్ల అయితే విమానంలో పంపమంటారు, ఆ బిల్లు లాభాన్ని మొత్తం తినేస్తుంది. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్ ఒక్కసారైనా చేత్తో నింపి చూడండి. టీషర్ట్ లాంటి అల్లిక దుస్తులు కస్టమ్స్ టారిఫ్‌లో 61వ చాప్టర్, నేసిన గుడ్డతో కుట్టిన చొక్కాలు 62.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ టెన్షన్ వద్దు. ప్యాటర్న్ సాఫ్ట్‌వేర్ కాలేజీలో ఏది ఉంటే అది నేర్చుకోండి, ఒకటి వస్తే రెండోది వస్తుంది. ఎక్సెల్ మాత్రం గట్టిగా రావాలి.

క్వాలిటీ, భద్రత

గుడ్డ చెకింగ్‌కి ఫోర్ పాయింట్ పద్ధతి వాడతారు. మూడు అంగుళాల లోపు లోపానికి ఒక పాయింట్, ఆరు లోపు రెండు, తొమ్మిది లోపు మూడు, అంతకుమించితే నాలుగు. తయారైన సరుకుకి ఏక్యూఎల్, అంటే ఎన్ని లోపాల దాకా ఒప్పుకోవచ్చో చెప్పే పద్ధతి. లాట్‌లో 3,000 పీసులుంటే, మామూలు లెవెల్ 2 కింద 125 పీసులు తీసి చూస్తారు. 2.5 ఏక్యూఎల్‌లో ఏడు తప్పుల దాకా పాస్, ఎనిమిది వస్తే లాట్ ఫెయిల్. ఆ టేబుల్ ప్రింట్ తీసి మీ ఫైల్‌లో పెట్టుకోండి.

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావర్‌లో రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. గోడలు పగిలాయని ముందురోజే తెలిసినా పనివాళ్లను లోపలికి పంపారు. ఆ తర్వాతే బయ్యర్ల ఆడిట్లు ఇంత గట్టిపడ్డాయి. కంప్లయన్స్ (భద్రత, పని నియమాలు పాటించడం) అంటే ఫైళ్లు నింపడం అనుకునేవాళ్లు ఎక్కువ. మీరు ఇంటర్న్‌గా వెళ్లిన మొదటి రోజే ఎమర్జెన్సీ తలుపు తోసి చూడండి. దాని ముందు కార్టన్లు పేర్చి ఉంటే ఎవరికో ఒకరికి చెప్పండి, ఇంటర్న్‌వి నీకెందుకు అన్నా సరే.

ఇంటర్న్‌షిప్, మొదటి ఉద్యోగం

హైదరాబాద్ చుట్టుపక్కల గుండ్లపోచంపల్లి అపారెల్ పార్క్ ఉంది. కాస్త దూరం వెళ్లగలిగితే సిరిసిల్ల, వరంగల్ దగ్గరి కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్క్, ఇంకా దూరం అయితే అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో బ్రాండిక్స్ అపారెల్ సిటీ. ఉన్నమాట చెప్పాలంటే, పరిశ్రమ బరువంతా ఇప్పటికీ బెంగళూరు, తిరుప్పూర్‌ల వైపే ఉంది. తిరుప్పూర్‌లో అల్లిక, బెంగళూరులో నేసిన దుస్తులు, బయ్యర్ల తరఫున పనిచేసే బయింగ్ ఆఫీసులు. ఒక ఇంటర్న్‌షిప్ ఇక్కడ, ఒకటి అక్కడ చేస్తే మంచిది. ఇంట్లో ఒప్పుకోరు అనుకుంటే ఫ్యాక్టరీ హాస్టల్ ఎలా ఉందో అమ్మానాన్నలను ఒకసారి తీసుకెళ్లి చూపించండి, చాలాసార్లు అక్కడే సగం గొడవ తీరిపోతుంది.

నేను ఇంటర్న్‌గా వెళ్లిన ఒక చోట మొదటి మూడు వారాలు నాతో జిరాక్సులు, డేటా ఎంట్రీ చేయించారు. అడిగితే "చూస్తూ నేర్చుకో" అన్నారు. మీకూ అలా జరగవచ్చు. అప్పుడు హెచ్‌ఆర్‌తో పోట్లాడే బదులు ఫినిషింగ్ సెక్షన్‌కి వెళ్లి చెకర్ల పక్కన కూర్చుంటానని అడగండి. అక్కడ మనుషులు ఎప్పుడూ తక్కువే, కాదనరు. ఫ్యాక్టరీలో జరిగే ప్రతి పొరపాటూ చివరికి ఆ టేబుల్ మీదికే వస్తుంది. ఏ లోపం ఏ లైన్ నుంచి వస్తోందో రోజూ రాసుకుంటే మీ ప్రాజెక్ట్ రిపోర్ట్ దానంతట అదే తయారవుతుంది. సొంత టేపు, త్రెడ్ కట్టర్, చేతిలో ఇమిడే నోట్‌బుక్ తీసుకెళ్లండి. భాష గురించి భయం వద్దు, ఫ్లోర్‌లో తెలుగు, హైదరాబాదీ హిందీ కలగలిపి నడుస్తాయి. ఈమెయిల్‌కి మాత్రం పొట్టి పొట్టి ఇంగ్లీషు వాక్యాలు అలవాటు చేసుకోండి.

డిగ్రీ అయ్యాక మర్చండైజింగ్‌లో ఆఫర్ ముందొచ్చినా, ప్రొడక్షన్‌లోనో ఐఈలోనో క్వాలిటీలోనో ఇంకో ఆఫర్ ఉంటే మొదటి రెండేళ్లు అటు వెళ్లమంటాను. జీతం కాస్త తక్కువైనా సరే. నాతో చదివినవాళ్లలో కొందరు ఈ మాట ఒప్పుకోరు. బయింగ్ ఆఫీసులో నేరుగా చేరి బాగా ఎదిగినవాళ్లూ ఉన్నారు, కాదనను. షిప్‌మెంట్ ముందు రోజుల్లో రాత్రి ఆలస్యమవుతుందని, ఆదివారాలు పోతాయని ఇంట్లో ముందే చెప్పండి. ఇంటర్వ్యూలో రాత్రి ట్రాన్స్‌పోర్ట్ ఉందా అని సూటిగా అడగండి, మొహమాటపడకండి.

ఇంటర్వ్యూలో చాలాచోట్ల ఒక డ్రెస్ చేతికిచ్చి "దీని గురించి చెప్పు" అంటారు. కొందరు వెంటనే రంగు, స్టైల్, ట్రెండ్ అంటూ మొదలుపెడతారు. మీరు తీసుకోగానే తిరగేసి లోపలి వైపు చూడండి. సైడ్ సీమ్ ఏ కుట్టో, హెమ్ ఏ మిషన్ మీద వేశారో చెప్పి, ఆపరేషన్లు వరుసగా చెప్పుకుంటూ పోండి. సామ్ ఎంత ఉండవచ్చో ఒక అంచనా కూడా చెప్పండి. అంకె కాస్త అటూ ఇటూ అయినా ఏమీ అనుకోరు, దాన్ని ఎలా లెక్కగట్టారో చెప్పగలిగితే చాలు.